గోడ మీది కాగితం

మన సమాఖ్య ఆఫీసుకు వచ్చిన ప్రతి అక్కా ఆ కాగితాన్ని చూసే ఉంటుంది. బీరువా పక్కన, క్యాలెండర్ కింద, ఫ్రేము కట్టి గోడకు తగిలించి ఉంటుంది. మన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. ఏటా దసరాకు దుమ్ము తుడిచినం, పసుపు కుంకుమ పెట్టినం, దండ వేసినం. చదవలేదు. ఈ ఏడు ఆఫీసుకు సున్నం వేయించేటప్పుడు దాన్ని కిందికి దించితే, ఒక గ్రామైక్య సంఘం అధ్యక్షురాలు చేతిలోకి తీసుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది: పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం, 1995. "గీ చట్టమేంది? మనం డ్వాక్రా వాళ్లం గదా?" అని అడిగింది. అక్కడున్న ఆరుగురిలో ఒక్కరం కూడా సరిగ్గా జవాబు చెప్పలేకపోయాం. పదవిలో ఉన్నవాళ్లం, లక్షల రూపాయల చెక్కుల మీద సంతకాలు పెట్టేవాళ్లం.

ఆ సిగ్గులోంచి పుట్టిన వ్యాసమిది. వార్షిక నివేదికలో మామూలుగా లెక్కలుంటాయి, ఫోటోలుంటాయి, వచ్చిన అధికారుల పేర్లుంటాయి. ఈసారి కొన్ని పేజీలు వేరే పనికి తీసుకున్నాం. సంఘం అనేది ఎట్ల నడుస్తుంది, అది ఎవరి చేతిలో ఉందో ఎట్ల కనుక్కోవాలి అనేది మన జిల్లా చరిత్రలోంచే చెప్పుకుందామని.

అప్పు కోసం జనం ఒక్కటవడం మన దగ్గర పాత సంగతే. నిజాం రాజ్యంలో సహకార పరపతి సంఘాల చట్టం 1914లోనే వచ్చింది. అంతకు పదేండ్ల ముందు, 1904లో, బ్రిటిష్ వాళ్ల ఏలుబడిలోని ప్రాంతాలకు అటువంటి చట్టమే వచ్చింది. రైతు షావుకారు చేతిలో నలిగిపోతున్నాడు, సంఘం పెట్టి అప్పు ఇప్పిస్తే బాగుపడతాడు అన్నది ఆలోచన. ఆలోచన మంచిదే. కానీ సంఘం పెట్టమని చెప్పింది సర్కారు, నియమాలు రాసింది సర్కారు, రిజిస్ట్రార్ సర్కారు మనిషి. రైతు వచ్చి వేలిముద్ర వేసి అప్పు తీసుకునిపోయేవాడు. సంఘం తనదని అతనికి ఎవరూ చెప్పలేదు, అతనికీ అనిపించలేదు.

సహకారం మొదలైన చోట అది ఇట్ల లేదు. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్ అనే ఊళ్లో 28 మంది, వాళ్లలో నేతపనివాళ్లు చాలామందే, తలా ఒక పౌను చొప్పున కూడబెట్టి ఒక చిన్న దుకాణం తెరిచారు. పిండి, వెన్న, చక్కెర, ఇంకో రెండు మూడు సరుకులు. అంతే. మన కొత్తవాడ నేతన్నలకు వాళ్ల బాధలు చెప్తే వెంటనే అర్థమవుతాయి: కూలి తక్కువ, దుకాణంలో కల్తీ సరుకు, పైనుంచి ఖాతా అప్పు. వాళ్లు పెట్టుకున్న నియమాలే ఆ దుకాణాన్ని నిలబెట్టాయి. ఎంత పైసలు పెట్టినా మనిషికి ఒక్కటే ఓటు. మిగులు వస్తే ఎవరెంత సరుకు కొన్నారో ఆ లెక్కన వాళ్లకే తిరిగి పంచాలి. లెక్కలు సభ్యుల ముందు పెట్టాలి. ఆడవాళ్లు కూడా సభ్యులు కావచ్చు. ఇంగ్లండులో ఆడవాళ్లకు ఎన్నికల్లో ఓటు లేని కాలమది!

మన దేశంలో స్వాతంత్య్రం వచ్చిన తర్వాత ఊళ్లలో ఎవరి దగ్గర ఎంత అప్పు దొరుకుతుందని రిజర్వు బ్యాంకు ఒక పెద్ద సర్వే చేయించింది. 1951-52 సంవత్సరానికి తేలిన లెక్క ప్రకారం పల్లెల్లో తీసుకున్న అప్పులో సహకార సంఘాల నుంచి వచ్చింది నూటికి 3.1 వంతులే. యాభై ఏండ్ల కష్టానికి ఫలితం నూటికి మూడు! 1954లో ఆ కమిటీ ఇచ్చిన సలహా ఏమిటంటే, సంఘాలు బలహీనంగా ఉన్నాయి కాబట్టి సర్కారే వాటిల్లో వాటా పెట్టాలి అని. వాటా పెట్టినవాడు ఊరికే కూర్చోడు కదా. ఇంట్లో కూడా పైసలు ఇచ్చినవాళ్ల మాటే నడుస్తుంది. 1964లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టంలో పాలకవర్గాన్ని రద్దు చేసే అధికారం రిజిస్ట్రార్‌కు ఉంది, దాని స్థానంలో పర్సన్ ఇన్‌ఛార్జిని పెట్టే అధికారం ఉంది. 1987లో ఊరి పరపతి సంఘాలను మళ్లీ కలిపి ఒకే కిటికీ దగ్గర అన్ని అప్పులు అన్నారు. అందుకే ఇవాళ్టికీ మన దగ్గర ఆ సంఘాన్ని సహకార సంఘం అని ఎవరూ అనరు, 'సింగిల్ విండో' అంటారు. పేరు వింటేనే తెలుస్తుంది: కిటికీకి అవతల ఒకరు, ఇవతల చేయి చాచి మనం.

ఇదే కాలంలో మన జిల్లాలోనే ఇంకో దారి కూడా నడిచింది. హనుమకొండ నుంచి కరీంనగర్ రోడ్డు మీద ఎల్కతుర్తి దాకా పోయి హుస్నాబాద్ వైపు మళ్లితే భీమదేవరపల్లి మండలంలో ముల్కనూరు వస్తుంది. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి అక్కడి రైతులను కూడగట్టి సహకార గ్రామీణ బ్యాంకు పెట్టారు. అప్పుడది కరీంనగర్ జిల్లా. 2016లో వరంగల్ అర్బన్‌లోకి వచ్చింది, 2021లో జిల్లా పేరే హనుమకొండ అయింది. బ్యాంకు మాత్రం జాగా మారలేదు.

ముల్కనూరు గురించి మెచ్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మనం మెచ్చుకోవడం కోసం చూడొద్దు, ఎట్ల నిలబడ్డదో చూడాలి. అప్పు ఇచ్చి చేతులు దులుపుకోలేదు. విత్తనాలు, ఎరువులు ఇచ్చింది, పండిన వడ్లు, పత్తి కొనుక్కుంది. అంటే రైతుకు సంఘంతో పని ఏడాదికి ఒక్కసారి కాదు, పొద్దున లేస్తే ఉంటుంది. రోజూ పని ఉన్న చోటికి మనిషి రోజూ పోతాడు, పోయిన చోట లెక్క అడుగుతాడు. తన వడ్లు ఎంత తూగినయో, ధర ఎంత కట్టిండ్రో తెలియకుండా ఏ రైతూ ఇంటికి రాడు. ఏడాదికి ఒకసారి మాఫీ అయితదా కాదా అని అడగడానికి పోయేవాడు, రోజూ తూకం చూసుకునేవాడు ఒకటే సంఘంలో సభ్యులైనా ఒకటే తీరు సభ్యులు కాదు. సంఘాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు చూడాల్సింది ఇదే అని మాకు తోచింది: సభ్యురాలికి దానితో పని ఎంత, దానికి సభ్యురాలితో పని ఎంత.

1970ల చివరి నుంచి హైదరాబాదులో కొందరు ఈ సంగతి మీద పట్టుబట్టి కూర్చున్నారు. సహకార సంఘాలను సర్కారు పట్టు నుంచి విడిపించాలని, సభ్యుల సొమ్ముతోనే సభ్యులే నడుపుకునే చట్టం కావాలని వాళ్ల వాదన. ఆ పని చేసిన సంస్థను ఇప్పుడు సహవికాస అంటున్నారు. శశి రాజగోపాలన్ వంటివాళ్లు అందులో ఉండి చట్టం మాటలను పట్టి పట్టి రాశారు. 1990లో కేంద్ర ప్రణాళికా సంఘం చౌధురీ బ్రహ్మప్రకాశ్ అధ్యక్షతన వేసిన కమిటీ కూడా రాష్ట్రాలకు ఒక నమూనా చట్టం తయారు చేసింది. మన శాసనసభ 1995లో ఆ దారిలో చట్టం చేసింది. దేశంలో అటువంటివాటిలో మొదటిది మనదే. తర్వాత బీహార్, కర్ణాటక, మధ్యప్రదేశ్ కూడా ఆ బాట పట్టాయి. మన గోడ మీది కాగితంలో ఉన్నది ఆ చట్టమే.

ఆ చట్టంలో ఏముందో మాకు అర్థమైనంత చెప్తాం. ఈ చట్టం కింద నమోదైన సంఘంలో సర్కారు వాటా ఉండదు. పాలకవర్గాన్ని రద్దు చేసి తన మనిషిని కూర్చోబెట్టే అధికారం సర్కారుకు లేదు. ఇది విని మన అక్కలు చప్పట్లు కొట్టారు. తర్వాతి మాటలకు చప్పట్లు రాలేదు. ఎన్నికలు టైముకు పెట్టుకోవడం, ఆడిట్ చేయించుకోవడం, మహాసభ జరపడం, ఇవన్నీ మన బాధ్యతే. ఎవరూ వచ్చి గుర్తు చేయరు. నష్టం వస్తే దాన్ని పూడ్చుకోవాల్సింది కూడా సభ్యులే, సంఘాన్ని ఎవరెంత వాడుకున్నారో ఆ లెక్కన. ఇంకొకటి: పేరు రాయించుకుంటే చాలదు, సంఘం పెట్టిన కనీస పని, అంటే పొదుపో హాజరో అప్పు కిస్తో, చేసినవాళ్లకే ఓటు హక్కు. ఇవన్నీ బైలాలో రాసుకుంటాం. బైలా అంటే మన సంఘం మనకు మనం రాసుకున్న చట్టం. మన సమాఖ్య బైలా ఎక్కడుందని వెతికితే, కింది అరలో పాత రసీదు బుక్కుల కింద ఒకే ఒక్క కాపీ దొరికింది. అంచులు చెదలు తిన్నది.

చట్టం రాకముందే వరంగల్, కరీంనగర్ ఊళ్లలో మహిళా పొదుపు సహకార సంఘాలు మొదలయ్యాయి. మన పదిహేను మంది గ్రూపుల లెక్క కాదవి, ఒక్కో ఊళ్లో వందల మంది సభ్యులు. బ్యాంకు లోను లేదు, సబ్సిడీ లేదు. నెల నెలా తలా కొంత పొదుపు, ఆ పైసల్లోంచే అప్పు. మొదట్లో చాలామంది నవ్వారు: పది రూపాయలు దాస్తే బర్రె వస్తదా అని. వచ్చింది. 2000 సంవత్సరంలో ముల్కనూరులోనే మహిళా సహకార డెయిరీ మొదలైంది. సభ్యులు ఆడవాళ్లే, పాలు పోసేది వాళ్లే, బోర్డులో ఉండేదీ వాళ్లే. మన హనుమకొండలో పొద్దున్నే వచ్చే స్వకృషి పాల ప్యాకెట్టు వాళ్లదే. ఆ ప్యాకెట్టు చింపేటప్పుడు ఎప్పుడైనా వెనక ఏముందో చదివారా? మేమూ చదవలేదు లెండి.

మన సంఘాల పుట్టుక వేరే దారిలో జరిగింది. 1982లో కేంద్రం డ్వాక్రా పథకం తెచ్చింది. 1992లో నాబార్డు 500 సంఘాలను బ్యాంకులతో కలిపి చూసింది. అదే ఏడు నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడ్డ ఆడవాళ్లు రాష్ట్రమంతటికీ దారి చూపించారు, ఆ ఊపులో పొదుపు ఊరూరికీ పాకింది. 2000లో పేదరిక నిర్మూలన సంస్థ, మనం సెర్ప్ అనేది, ఏర్పడింది. వెలుగు మొదట 6 జిల్లాల్లో, తర్వాత వరంగల్‌తో సహా మిగతా జిల్లాల్లో మొదలైంది. సంఘాలు కలిసి గ్రామైక్య సంఘం, అవి కలిసి మండల సమాఖ్య, ఆ పైన జిల్లా సమాఖ్య. గ్రామైక్య సంఘాలనూ మండల సమాఖ్యలనూ నమోదు చేయడానికి ఒక చట్టం కావాలి కదా. అప్పుడు దొరికింది 1995 చట్టం. అంటే సర్కారు పట్టు వద్దని కొట్లాడినవాళ్లు తెచ్చుకున్న చట్టం కింద, సర్కారు పథకంలో పుట్టిన మనం నమోదయ్యాం. ఈ ముడి మన లోపల ఇప్పటికీ ఉంది. ఆ అక్క అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే: మనం డ్వాక్రా వాళ్లమూ అవును, ఈ చట్టం వాళ్లమూ అవును, ఏ పూట ఎవరమన్నది మన చేతల్ని బట్టి ఉంటుంది.

పైకి ఒకే తీరుగా కనిపించే రెండు సంఘాలు లోపల ఎంత వేరుగా ఉంటాయో మనం 2010లో చూశాం. ఆ రోజులు మరిచిపోయినవాళ్లు మనలో లేరు. మైక్రోఫైనాన్స్ కంపెనీల సెంటర్ మీటింగు మన మీటింగులాగే ఉండేది. అదే చాప, అదే గుండ్రంగా కూర్చోవడం, ఒకరికి ఒకరు జామీను. మనది నెలకు రెండు సార్లయితే వాళ్లది వారం వారం. కొందరు అక్కలు దాన్ని కూడా సంఘమే అనేవారు. కిస్తు కట్టలేని మనిషి ఇంటి ముందు తోటి ఆడవాళ్లనే కూర్చోబెట్టి అవమానం చేయించిన దాకా తేడా తెలియలేదు. ఆ ఏడు ఆగస్టులో అటువంటి పెద్ద కంపెనీ ఒకటి షేర్ మార్కెట్‌లోకి వచ్చింది. అక్టోబరులో రాష్ట్ర సర్కారు వాటి వసూళ్లను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. ఆ చాప మీద కూర్చున్న ఎవరికీ ఆ కంపెనీలో ఓటు లేదు. వడ్డీ ఎంతో తేల్చేది వేరే ఊళ్లో, లాభం పోయేది ఇంకో ఊరికి. మన గ్రూపులో వడ్డీ మనం కూర్చుని తీర్మానం రాసి పెట్టుకుంటాం, మిగిలిన వడ్డీ మన పొదుపులోనే కలుస్తుంది. చాప చూసి సంఘం అనుకోవద్దు.

చిట్టీలు కూడా అంతే. మన ఊళ్లలో చిట్టీ వేయని ఇల్లు తక్కువ. చిట్టీలో ఫోర్‌మన్ ఉంటాడు, పాట పాడించి కమీషన్ తీసుకుంటాడు. 1982 చట్టం ప్రకారం ఆ కమీషన్ నూటికి 5కు మించొద్దు, 2019లో దాన్ని 7 చేశారు. చిట్టీ తప్పని మేము అనడం లేదు. అక్కడ మనం ఖాతాదారులం, ఇక్కడ యజమానులం. ఖాతాదారు మోసపోతే ఫిర్యాదు చేస్తుంది. యజమాని మోసపోతే ఎవరి మీద చేస్తుంది?

ఈ ప్రశ్న ఊరికే రాయలేదు. మాలో ఒక గ్రామైక్య సంఘంలో అయిదు నెలల పాటు కొన్ని గ్రూపుల కిస్తులు బ్యాంకుకు చేరలేదు. చేతికి ఇచ్చినవాళ్లకు రసీదు లేదు, పాస్‌బుక్కులు నింపడానికని తీసుకుపోయి తిరిగి ఇవ్వలేదు. ఒక సభ్యురాలు బిడ్డ పెండ్లికి లోను అడిగినప్పుడు బ్యాంకు మేనేజరు మీది బకాయి అనడంతో బయటపడింది. పైసలు తర్వాత వసూలయ్యాయి. ఊరి పేరు రాయడం లేదు, అక్కడివాళ్లకు తెలుసు. ఆ అయిదు నెలలూ మీటింగులు జరిగాయి, మినిట్స్ బుక్కులో 'లెక్కలు చదివి వినిపించడమైనది, సభ్యులు ఆమోదించినారు' అని ప్రతిసారీ రాసి ఉంది. కింద అందరి సంతకాలు. చదివి వినిపించారా అని తర్వాత అడిగితే ఒక్కరికీ గుర్తు లేదు. సంతకాల్లో మాదీ ఒకటుంది.

దాని తర్వాత శిక్షణలో కొత్త పని చేశాం. ఆఫీసు ముందు జాగా ఊడ్చి, కళ్లాపి చల్లి, మన సమాఖ్యను ముగ్గులా గీశాం. సభ్యురాలు, గ్రూపు, గ్రామైక్య సంఘం, మండల సమాఖ్య, బ్యాంకు, పైన జిల్లా ఆఫీసు, అన్నీ గుండ్రాలే. పైసలు ఎటు నుంచి ఎటు పోతున్నాయో తెల్ల ముగ్గుతో గీత. ఎవరు ఎవరికి పని చెప్తున్నారో కుంకుమతో గీత. లెక్క ఎవరు ఎవరికి చెప్తున్నారో పసుపుతో గీత. మొదటి గంట నవ్వులే. ముగ్గు పూర్తయ్యాక నవ్వులు ఆగాయి. తెల్ల గీతలు కిందికీ పైకీ బాగానే ఉన్నాయి. కుంకుమ గీతలన్నీ పైనుంచి కిందికే వచ్చాయి: ఇన్ని ఖాతాలు తెరవండి, ఇన్ని లోన్లు ఇప్పించండి, వడ్ల కొనుగోలు కేంద్రం పెట్టండి, స్కూలు పిల్లల బట్టలు కుట్టండి. సభ్యురాలి నుంచి పైకి పోయే కుంకుమ గీత ఒక్కటే, అధ్యక్షురాలి ఎన్నికది, అది కూడా గీయాలా వద్దా అని పది నిమిషాలు వాదన. పసుపు గీతలు పైకి పోయినవి ఎనిమిది. సమాఖ్య నుంచి సభ్యురాలి దాకా కిందికి వచ్చింది ఒక్కటీ లేదు.

సర్కారు పని వద్దని కాదు. వడ్ల కేంద్రాల మీద వచ్చిన కమీషన్ ఎన్నో గ్రామైక్య సంఘాలకు ఆసరా అయింది, ఆ సంగతి ఈ నివేదిక లెక్కల్లోనే ఉంది. కానీ ఆ ముగ్గు చూస్తే మనం కూడా ఒక కిటికీ అయిపోయినట్టు కనిపించింది. చట్టం ఇచ్చిన స్వేచ్ఛ కాగితం మీద ఉంది, గీతల్లో లేదు. మాలో కొందరు దీనికి ఒప్పుకోలేదు. అధికారులు లేకపోతే సంఘాలు ఎప్పుడో కూలేవి, గీతలు గీయడం తేలిక అన్నారు. ఆ మాటలోనూ నిజముంది. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

ఒకటి మాత్రం అందరం ఒప్పుకుని తీర్మానం చేశాం. పసుపు గీత కిందికి రావాలి. ఇకనుంచి సమాఖ్య నెల లెక్క ఒక్క పేజీలో, పెద్ద అక్షరాల్లో, ప్రతి గ్రామైక్య సంఘానికి చేరుతుంది. చదువు వచ్చిన సభ్యురాలో, ఎవరి బిడ్డో కోడలో, గట్టిగా చదవాలి. మినిట్స్‌లో 'చదివి వినిపించడమైనది' అని రాస్తే చదివినవారి పేరు, అడిగిన ఒక ప్రశ్న కూడా రాయాలి. ప్రశ్న లేకపోతే ఆ గడి ఖాళీగా ఉంచాలి. ఖాళీ గడులు ఎన్నున్నాయో మహాసభలో చెప్తాం. మొదటి మూడు నెలల్లో సగం పైన ఖాళీగానే వచ్చాయి.

చెదలు తిన్న బైలాను మళ్లీ టైపు చేయించి ప్రతి గ్రామైక్య సంఘానికి జిరాక్స్ కాపీ పంపాం. సర్టిఫికెట్‌ను మళ్లీ గోడకు తగిలించాం, ఈసారి క్యాలెండర్ కింద కాదు, తలుపు పక్కన, నిలబడితే కండ్లకు అందే ఎత్తులో. ఈ పుస్తకం చివర ఆస్తి అప్పుల పట్టిక ఉంది. మహాసభకు వచ్చేటప్పుడు తెచ్చుకోండి, అర్థం కాని చోట పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. ఆ రోజు సర్టిఫికెట్ చదివిన అక్క అప్పుడే గీత పెట్టుకుంది: పోయిన ఏడు కన్నా ఈ ఏడు ఆడిట్ ఫీజు ఎందుకు పెరిగింది, ఎవరు ఒప్పుకున్నారు అని మొదట తానే అడుగుతానంది. జవాబు మేము వెతుకుతున్నాం.